పాత బండికి ఏ ప్లగ్గు? కొనే ముందు ఒక్క మాట

తిరుపతి, చిత్తూరు ప్రాంతాలలో ఒక్క పాత బండిని నమ్ముకొని బ్రతుకుతున్న కుటుంబాలు అనేకం ఉన్నాయి. ఆ బండి తోలేది తండ్రి. లోడు ఎత్తేది కొడుకు. వచ్చిన బాడుగలోంచి బియ్యానికి, పిల్లల ఫీజులకు సర్దేది తల్లి. ఇంజన్ ఒక వారం షెడ్డులో నిలబడితే ఆ ఇంట్లో అందరికీ తెలుస్తుంది. అటువంటి ఇంజన్ ఆరోగ్యాన్ని కాపాడే చిన్న వస్తువులలో స్పార్క్ ప్లగ్గు ఒకటి. దాని ఖరీదు ఒక పూట బాడుగలో కొంత భాగమే. అయితే తప్పు ప్లగ్గు వేస్తే పోయేది ప్లగ్గు కాదు, పిస్టన్.

అంగడికి వెళ్లి, "అన్నా, జీపుకు ప్లగ్గులు నాలుగు ఇయ్యి" అని అడిగి, రంధ్రంలో పట్టితే చాలునని బిగించేవారు చాలామంది. పట్టిన ప్లగ్గంతా సరియైన ప్లగ్గు కాదు. ఎందుకో చూద్దాం.

లారీలో ప్లగ్గు ఎక్కడుంది?

మన రోడ్ల మీద కనబడే పెద్ద లారీలన్నీ దాదాపు డీజిల్‌వే. 1954లో టెల్కో సంస్థ జర్మనీ వారి బెంజ్ సాంకేతికంతో లారీలు చేయడం, 1955లో మద్రాసు దగ్గర అశోక్ లేలాండ్ ఆ పేరుతో ముందుకు రావడంతో డీజిల్ కాలం బలపడింది. డీజిల్ ఇంజన్ గాలిని గట్టిగా అదిమి, ఆ వేడికే ఇంధనాన్ని మండిస్తుంది. అందులో స్పార్క్ ప్లగ్గు ఉండదు. కొన్నిటిలో ఉండేది స్టార్టింగ్‌లో వేడి ఇచ్చే హీటర్ ప్లగ్గు మాత్రమే.

ప్లగ్గు అవసరమయ్యేది పెట్రోలు బండికి. 1940ల చివరలో మహీంద్రా వారు మన దేశంలో కూర్చడం మొదలుపెట్టిన విల్లీస్ జీపు, ఆ తరువాత హరికేన్ ఇంజన్‌తో వచ్చిన జీపులు ఈ కోవలోనివి. నాలుగు సిలిండర్లు, సుమారు 2,200 సి.సి. వెనుక ట్రైలర్ తగిలించి వీటినే చిన్న లారీలుగా వాడుకున్నారు. సైన్యం కోసం జబల్‌పూర్‌లో తయారైన జోంగా, నిస్సాన్ వన్‌టన్ బండ్లు ఆరు సిలిండర్ల పెట్రోలు ఇంజన్లవి. 1984 నుండి 2019 వరకు వచ్చిన మారుతి ఓమ్ని వ్యాను మూడు సిలిండర్లది. కూరగాయల బుట్టల నుండి బడిపిల్లల వరకు అది మోయని లోడు లేదు.

ప్లగ్గు చేసే పని

1902లో రాబర్ట్ బాష్ గారి కార్ఖానాలో గాట్లోబ్ హోనోల్డ్ అనే ఇంజనీరు హైవోల్టేజి మాగ్నెటోను, దానికి తగిన ప్లగ్గును రూపొందించాడు. నేటికీ ప్లగ్గు మూలసూత్రం అదే. వేల వోల్టుల కరెంటు నడిమి కడ్డీ నుండి వంకర కడ్డీకి దూకుతుంది. ఆ నిప్పురవ్వకు పెట్రోలు, గాలి మిశ్రమం మండుతుంది. ఇంజన్ నిమిషానికి 2,400 చుట్లు తిరిగితే ఒక్కొక్క ప్లగ్గు 1,200 సార్లు రవ్వ కొట్టాలి.

ప్లగ్గుకు మరో పని కూడా ఉంది. తన ముక్కుకు తగిలిన వేడిని హెడ్‌లోనికి పంపివేయాలి. ముక్కు దాదాపు 450 డిగ్రీల కన్నా చల్లగా ఉంటే మసి కాలిపోక అక్కడే పేరుకొని రవ్వ నిలిచిపోతుంది. బండి మిస్సింగ్ కొడుతుంది. దాదాపు 900 డిగ్రీలు దాటితే ముక్కు నిప్పుకణికలాగా మారి, రవ్వ రాకముందే మిశ్రమాన్ని అంటించేస్తుంది. అప్పుడు పైకి వస్తున్న పిస్టన్ నెత్తిన దెబ్బ పడుతుంది. అది సాగితే పిస్టన్‌కు చిల్లి పడుతుంది.

వేడి ప్లగ్గు, చల్లని ప్లగ్గు

లోపలి తెల్లని పింగాణి ముక్కు పొడవుగా ఉంటే వేడి బయటికి పోవడానికి ఆలస్యమవుతుంది. దానిని వేడి ప్లగ్గు అంటారు. ముక్కు పొట్టిగా ఉంటే వేడి త్వరగా పోతుంది. అది చల్లని ప్లగ్గు. రవ్వ బలానికి ఈ పేర్లతో సంబంధం లేదు. "వేడి ప్లగ్గు వేస్తే పికప్ పెరుగుతుంది" అనే మాట నమ్మకండి.

చిన్న పరుగులు, ఆగి ఆగి నడిచే వీధులు అయితే ముక్కు చల్లబడి మసి పడుతుంది. తిరుపతి బజారు వీధుల్లో రోజంతా తిరిగే బండి స్థితి ఇది. దీనికి భిన్నమైనది కనుమ దారి. బంగారుపాళ్యంలో మామిడి ఎత్తుకొని మొగిలి ఘాట్ మీదుగా పలమనేరు వైపు ఎక్కే బండిని, తిరుపతి నుండి భాకరాపేట కనుమ దాటి మదనపల్లెకు పోయే బండిని గమనించండి. సెకండ్ గేరు, నిండు లోడు, పూర్తిగా తొక్కిన యాక్సిలరేటర్. బండి మెల్లగా పోతుంది గనుక రేడియేటర్‌కు గాలి తక్కువ. ప్లగ్గు ముక్కు బాగా కాగేది అప్పుడే.

కాబట్టి మొదటి నియమం: బండి పుస్తకంలో చెప్పిన వేడి నంబరుతోనే ప్రారంభించండి. ఎప్పుడూ లోడుతో కనుమలెక్కే బండికి, ప్లగ్గు అతిగా కాగుతున్న గుర్తు కనబడితే, ఒక మెట్టు చల్లనిది వేయవచ్చు. ఒక మెట్టుకు మించి మార్చవద్దు. రెండింటిలో ఏది వేయాలో తేలకపోతే చల్లనిదే మేలు. మసి పట్టిన ప్లగ్గును కడుక్కోవచ్చు, చిల్లిపడిన పిస్టన్‌ను కడుక్కోలేము.

నంబర్లలో చిక్కు

ఇక్కడే చాలామంది పొరబడతారు. బాష్, ఛాంపియన్ ప్లగ్గులలో నంబరు పెరిగేకొద్దీ ప్లగ్గు వేడిది. జపాను వారి ఎన్.జి.కె. ప్లగ్గులలో ఇది తలక్రిందులు. నంబరు పెరిగేకొద్దీ చల్లనిది. బాష్ 7 బదులు ఎన్.జి.కె. 7 అడిగితే ఒకటే వస్తుందని అనుకోవద్దు.

పాత బాష్ గుర్తులలో మరో చిక్కు ఉంది. 1951లో బెంగుళూరులో స్థాపించబడి 2008లో బాష్ లిమిటెడ్‌గా పేరు మార్చుకున్న మైకో కంపెనీది మన పెద్దలకు బాగా తెలిసిన ప్లగ్గు. ఇంట్లో దాచిన పాత బాష్ వరుస ప్లగ్గు మీద 145, 175, 225 వంటి మూడంకెల సంఖ్య ఉండవచ్చు. ఆ పాత లెక్కలో సంఖ్య పెరిగితే చల్లనిది. 145 అంటే కొత్త లెక్కలో 8, 175 అంటే 7, 225 అంటే 5. పాత ప్లగ్గును జేబులో వేసుకొని అంగడికి వెళ్లడం మంచిదే. అయితే దాని మీద ఉన్నది ఏ కాలపు లెక్కో చూసుకోండి. అది ఆ బండికి సరియైనదే అని కూడా పుస్తకంతో సరిపోల్చండి.

పొడవు, గ్యాప్

ప్లగ్గుల థ్రెడ్ మందం పై బండ్లలో ఎక్కువగా 14 మిల్లీమీటర్లే. అందుకే ఒకదానిది మరొకదానికి పట్టేస్తుంది. తేడా పొడవులో ఉంది. పాత జీపు ప్లగ్గు థ్రెడ్ పొడవు మూడు ఎనిమిదో వంతుల అంగుళం, అంటే 9.5 మిల్లీమీటర్లు. తరువాతి కార్ల ప్లగ్గు 19 మిల్లీమీటర్లు. ఆ పొడవుది జీపులో వేస్తే అదనపు భాగం మంటగదిలోకి పొడుచుకొని వచ్చి కణకణలాడుతుంది. వాల్వుకో పిస్టన్‌కో తగిలినా తగలవచ్చు. పొట్టిది వేస్తే మిగిలిన థ్రెడ్‌లో కార్బన్ గట్టిపడి, తరువాత సరియైన ప్లగ్గు ఎక్కదు.

జీపుకు గ్యాప్ 0.030 అంగుళం, అనగా ముప్పాతిక మిల్లీమీటరు. కొత్త ప్లగ్గు డబ్బాలోంచి తీయగానే సరిగా ఉంటుందని అనుకోక, గేజ్ పెట్టి చూడండి. వంకర కడ్డీని మాత్రమే కదపాలి. నడిమి కడ్డీని ఎత్తితే పింగాణి పగులుతుంది.

పాత ప్లగ్గు చెప్పే సంగతి

కొత్తవి కొనే ముందు పాతవి విప్పి వరుసగా పెట్టి చూడండి. కనుమ ఎక్కిన తరువాత చాలాసేపు ఐడిలింగ్‌లో ఉంచకుండా ఇంజన్ ఆపి, చల్లారాక విప్పితే నిజం తెలుస్తుంది.

లేత గోధుమ రంగు లేక బూడిద రంగు ఉంటే అంతా సవ్యమే.

పొడి నల్లమసి ఉంటే మిశ్రమంలో పెట్రోలు ఎక్కువ. ఎయిర్ ఫిల్టరు, చోక్, కార్బురేటర్ చూపించండి.

జిడ్డు నూనె ఉంటే రింగులో, వాల్వు గైడులో అరిగినవి. వేడి ప్లగ్గు వేసి కప్పిపుచ్చితే కొన్నాళ్లు నడుస్తుంది గాని జబ్బు పోదు.

సున్నంలా తెల్లబడి, ముక్కు మీద చిన్న బొబ్బలుంటే అది ప్రమాద సూచన. మిశ్రమం పలుచన, టైమింగ్ ముందుకు జరగడం, రేడియేటర్ మూసుకుపోవడం, ప్లగ్గు మరీ వేడిది కావడం, వీటిలో ఏదో ఒకటి కారణం.

ఒక్క సిలిండర్ ప్లగ్గే వేరుగా ఉంటే దోషం ఆ సిలిండర్‌లోనో, దానికి వచ్చే వైరులోనో ఉంటుంది. పాయింట్లు, కండెన్సర్, కాయిల్ చెడినప్పుడు కూడా నింద ప్లగ్గు మీదే పడుతుంది.

పెట్రోలు కూడా మారింది. సీసం కలిపిన పెట్రోలు 2000 ఫిబ్రవరి 1 నుండి దేశమంతటా ఆగిపోయింది. 2025 నాటికి ఇరవై శాతం ఇథనాల్ కలిపిన పెట్రోలు వచ్చింది. కార్బురేటర్ బండిలో దీనివల్ల మిశ్రమం కొంచెం పలుచన అవుతుంది. అప్పుడు ప్లగ్గు కన్నా ముందు కార్బురేటర్‌ను సర్దించాలి. పాత రబ్బరు పైపులు మెత్తబడి కారుతున్నవేమో కూడా చూడాలి.

బిగించేటప్పుడు

ఇంజన్ చల్లారాలి. ప్లగ్గు చుట్టూ ఉన్న దుమ్మును ముందుగా ఊదివేయాలి. లేకపోతే అది సిలిండర్‌లో పడుతుంది. వైర్లకు గుర్తులు పెట్టండి. జీపు ఫైరింగ్ వరుస 1-3-4-2. కొత్త ప్లగ్గును చేతి వ్రేళ్లతోనే చివరి వరకు త్రిప్పాలి. వాషర్ ఆనిన తరువాత పానాతో అర చుట్టు, మహా అయితే చుట్టులో మూడింట రెండు వంతులు చాలు. ఓమ్ని వంటి అల్యూమినియం హెడ్ మీద బలం చూపితే థ్రెడ్ ఊడి వస్తుంది. అన్ని సిలిండర్లకూ ఒకే రకం, ఒకేసారి వేయాలి.

ఇకమీదట అంగట్లో నాలుగు ప్రశ్నలు అడగండి. కంపెనీ ఏది? వేడి నంబరు ఎంత? థ్రెడ్ పొడవు ఎంత? డబ్బా మీద, ప్లగ్గు మీద ముద్రలు ఒకటేనా? జవాబు పుస్తకంతో సరిపోతే కొనండి. సరిపోకపోతే ఆ రోజుకు లోడు ఒప్పుకోకుండా, మరో అంగడికి నడవండి. ఒక రోజు బాడుగ పోతుంది గాని ఇంజన్ మిగులుతుంది.