కంబళి వేడినివ్వదు: గుడారంలో చలిరాత్రి వెనుక ఉన్న భౌతికశాస్త్రం

ఎమ్మెస్సీ చదివే రోజుల్లో మేం పదిమంది విద్యార్థులం హిమాచల్ ప్రదేశ్‌లోని కులూ లోయకు కొండల నడకకు వెళ్ళాం. మూడోరోజు రాత్రి మా మకాం ఒక పచ్చిక మైదానంలో. గుడారానికి ముగ్గురం. మనిషికి రెండేసి రగ్గులు ఇచ్చారు. నేలమీద పల్చటి ప్లాస్టిక్ పట్టా పరిచి ఉంది. మనం సాధారణంగా ఏం చేస్తాం? రెండు రగ్గులూ పైన కప్పుకుంటాం. మేమూ అదే చేశాం. అర్ధరాత్రి దాటేసరికి ముగ్గురికీ పళ్ళు టకటకా కొట్టుకోవడం మొదలైంది.

ఇక లాభం లేదని, మాలో ఒకడు వంట గుడారం దగ్గర ఇంకా ఎర్రగా ఉన్న బొగ్గుల కుంపటిని లోపలికి తేబోయాడు. వంటాయన చూసి పరుగున వచ్చి దాన్ని లాక్కున్నాడు. తరువాత మా గుడారంలోకి తొంగిచూసి, నా మీదున్న ఒక రగ్గు తీసి, రెండు మడతలు వేసి కింద పరిచాడు. "బేటా, చలి పైనుంచి కాదు, కిందనుంచి వస్తుంది" అన్నాడు. పైన కప్పుకున్నది సగమైంది. అయినా పావుగంటలో వణుకు తగ్గింది, నిద్ర పట్టింది.

ఉష్ణ వహనం గురించి పరీక్షల్లో పేజీలకు పేజీలు రాసినవాణ్ణి నేను. దాన్ని ఎక్కడ వాడాలో మాత్రం ఆయనకు తెలిసింది. ఆ రాత్రి ఆయన చేసిన పనులు రెండు. ఒకటి మాకు నిద్ర ఇచ్చింది. రెండోది బహుశా ప్రాణాలే నిలిపింది. ఆ రెండింటి వెనుక ఉన్న శాస్త్రం ఏమిటో చూద్దాం.

పొయ్యి మన ఒంట్లోనే ఉంది

కంబళి వెచ్చగా ఉంటుంది అంటాం. నిజానికి కంబళికి సొంత వేడి ఏమీ లేదు. ఐసు అమ్మేవాళ్ళు మంచుగడ్డను రంపపు పొట్టులో పెట్టి గోనెసంచి చుట్టడం మీరు చూసే ఉంటారు. గోనె వేడినిచ్చేదే అయితే ఐసు త్వరగా కరిగిపోవాలి కదా! కానీ నెమ్మదిగా కరుగుతుంది. గోనె అయినా కంబళి అయినా చేసే పని ఒకటే: వేడి ఒకవైపు నుంచి మరోవైపుకు పోకుండా ఆలస్యం చేయడం.

మరి గుడారంలో వేడి ఎక్కడిది? మన శరీరానిదే. మనం తిన్న అన్నం కణాల్లో నెమ్మదిగా ఆక్సీకరణం చెందుతూ ఉంటుంది. నిద్రలో పెద్దవారి శరీరం సుమారు 80 వాట్ల వేడి పుట్టిస్తుంది. అంటే గంటకు దాదాపు 70 కిలో కాలరీలు. పాతరకం ఫిలమెంటు బల్బు ఒకటి వెలుగుతున్నట్టు అనుకోండి. ఈ 80 వాట్లతోనే రాత్రంతా ఒంటిలోపలి ఉష్ణోగ్రతను 37 డిగ్రీల సెల్సియస్ దగ్గర నిలుపుకోవాలి. పోయే వేడి అంతకు మించితే శరీరం ముందు చర్మంలోని రక్తనాళాలను కుదిస్తుంది. అందుకే కాళ్ళూ చేతులూ మొదట చల్లబడతాయి. అదీ చాలకపోతే వణుకు పుడుతుంది. వణుకు అంటే వేడికోసం కండరాలు చేసే అదనపు పని. లోపలి ఉష్ణోగ్రత 35 డిగ్రీలకంటే పడిపోతే అది ప్రమాదకరమైన స్థితి. ఆలోచన మందగిస్తుంది, మాట తడబడుతుంది, చివరకు వణుకు కూడా ఆగిపోతుంది.

వేడి మననుంచి నాలుగు దారుల్లో పోతుంది. తగిలి ఉన్న వస్తువులోకి వహనం ద్వారా, కదిలే గాలితో సంవహనం ద్వారా, కంటికి కనిపించని పరారుణ కిరణాలుగా వికిరణం ద్వారా, చెమట, ఊపిరి ఆవిరైపోయే బాష్పీభవనం ద్వారా. ఒక్కొక్క దారినీ మూయడమే మన పని.

నేల అడిగే సుంకం

కదలని గాలి చాలా అధమ ఉష్ణవాహకం. నీరు దానికంటే సుమారు 24 రెట్లు ఎక్కువగా వేడిని పోనిస్తుంది. రగ్గులోని ఉన్నికంటే, ఉన్ని పోగుల మధ్య చిక్కుకుని కదలకుండా ఉన్న గాలే మనల్ని కాపాడుతుంది. మనం దానిమీద పడుకుంటే ఏమవుతుంది? మన బరువుకు అది నలిగి, గాలి బయటికి పోతుంది. స్లీపింగ్ బ్యాగుల్లో నింపే బాతు మెత్తనీకలదీ ఇదే కథ. పైభాగం నాలుగు అంగుళాలు పొంగి ఉంటుంది, వీపు కింద మాత్రం కాగితంలా అణిగిపోతుంది.

చిన్న లెక్క వేద్దాం. చర్మం 33 డిగ్రీలు, నేల 3 డిగ్రీలు, మధ్య తేడా 30. నేలకు ఆనే మన ఒంటి వైశాల్యం అర చదరపు మీటరు. అణిగిన రగ్గు మందం 5 మిల్లీమీటర్లు. దాని ఉష్ణ వాహకత్వం మీటరుకు, డిగ్రీకి 0.04 వాట్లు. నేల ఎంతసేపైనా 3 డిగ్రీల దగ్గరే ఉంటుందనుకుంటే, సెకనుకు పోయే వేడి 0.04 × 0.5 × 30 ÷ 0.005 = 120 వాట్లు! ఒళ్ళు పుట్టించేది 80, నేల ఒక్కటే అడిగేది 120. అదే స్థలంలో 2 సెంటీమీటర్ల ఫోము చాప వేస్తే ఈ సుంకం 30 వాట్లకు పడిపోతుంది. వాస్తవంలో మన కిందనున్న మట్టి కొంత వేడెక్కుతుంది, ఒంటిమీది బట్టలూ ఆదుకుంటాయి కాబట్టి అంకెలు కొంచెం తగ్గుతాయి. కానీ వంటాయన మాటలోని నిజం మాత్రం లెక్కలో కనిపిస్తూనే ఉంది.

ఈ సంగతి మన పల్లెలకు కొత్త కాదు. చలికాలంలో కళ్ళం దగ్గర కాపలా పడుకునే రైతు ముందుగా వరిగడ్డి మందంగా పరుస్తాడు. గడ్డిపరకలు బోలుగా ఉంటాయి, వాటి మధ్య కూడా గాలి నిలుస్తుంది. మరి నులక మంచం? వేసవిలో అది హాయి, ఎందుకంటే కిందనుంచి గాలి ఆడుతుంది. చలికాలంలో అదే ఇబ్బంది. అప్పుడు మంచంమీద బొంత వేయకుండా ఎన్ని దుప్పట్లు కప్పుకున్నా వీపు చల్లగానే ఉంటుంది.

ఇప్పుడు దొరికే చాపలమీద "ఆర్ విలువ" అని ఒక అంకె ఉంటుంది. అది ఎంత ఎక్కువైతే చాప వేడిని అంత గట్టిగా ఆపుతుంది. రెండు చాపలు ఒకదానిమీద ఒకటి వేస్తే రెండు విలువలనూ కూడుకోవచ్చు. అలాగే ప్రమాణాల ప్రకారం పరీక్షించిన స్లీపింగ్ బ్యాగులమీద "కంఫర్ట్", "లిమిట్", "ఎక్స్‌ట్రీమ్" అని మూడు ఉష్ణోగ్రతలు రాసి ఉంటాయి. మనం చూడవలసింది మొదటిదే. మూడోది హాయిగా నిద్రపోయే ఉష్ణోగ్రత కాదు. ఒళ్ళు ప్రమాదకరంగా చల్లబడే అవకాశం ఉన్న స్థితిని తెలిపే అంకె అది.

గుడారం ఎక్కడ వేయాలి?

సగటున ప్రతి 1000 మీటర్ల ఎత్తుకు గాలి 6.5 డిగ్రీలు చల్లబడుతుంది. కింద ఊళ్ళో 16 డిగ్రీలుంటే, 2500 మీటర్లు పైకి ఎక్కేసరికి సున్నకు చేరువవుతుంది. అయితే ఎత్తు ఒక్కటే కాదు, చోటు కూడా ముఖ్యం. రాత్రి చల్లబడిన గాలి బరువెక్కి, నీటిలాగే పల్లానికి జారి గుంటల్లో నిలుస్తుంది. కాబట్టి లోయ అడుగున కాకుండా, గాలివాటు తగలని చోట కాస్త మెరకమీద గుడారం వేయడం మంచిది.

మబ్బులేని రాత్రి ఆకాశం కూడా వేడిని లాగేసుకుంటుంది. నేల, గుడారపు బట్ట పరారుణ కిరణాలుగా వేడిని పైకి వదులుతాయి. తిరిగి వచ్చేది తక్కువ. అందుకే గుడారపు బట్ట చుట్టూ ఉన్న గాలికంటే కూడా చల్లగా అవుతుంది. డిసెంబరులో లంబసింగి వెళ్ళినవారు తెల్లవారి గడ్డిమీద, వాహనాలమీద దట్టంగా మంచు కురిసి ఉండడం చూసే ఉంటారు. దానికి కారణం ఇదే. చెట్టుకింద వేసిన గుడారం మీద మంచు తక్కువ పడుతుంది, ఎందుకంటే ఆకాశానికి బదులు దానికంటే వెచ్చగా ఉన్న ఆకులు పైన ఉంటాయి. ఎండుకొమ్మలున్న చెట్టును మాత్రం తప్పించుకోవాలి.

తేమ అనే శత్రువు

రాత్రి నిద్రలో ఊపిరి ద్వారా, చర్మం ద్వారా మనం సుమారు పావు లీటరు నీటిని ఆవిరిగా వదులుతాం. ముగ్గురుంటే ముప్పావు లీటరు. ఇది బయటికి పోకపోతే గుడారపు చల్లని బట్టకు తగిలి చుక్కలై మనమీదే పడుతుంది.

తేమ ఎంత పని చేయగలదో 1911లో జరిగిన ఒక యాత్ర చెబుతుంది. స్కాట్ దక్షిణ ధ్రువ బృందంలోని విల్సన్, బవర్స్, చెర్రీ-గరార్డ్ ఎంపరర్ పెంగ్విన్ గుడ్లకోసం అంటార్కిటికా నడి శీతాకాలపు చీకట్లో బయలుదేరారు. జూన్ 27న వెళ్ళి ఆగస్టు 1న తిరిగి వచ్చారు. ఒక దశలో ఉష్ణోగ్రత మైనస్ 60 డిగ్రీలకు పడిపోయింది. వాళ్ళు ధ్రువపు జింక చర్మంతో కుట్టిన సంచుల్లో పడుకునేవారు. ఊపిరి, చెమట సంచిలోనే గడ్డకట్టేవి. బయలుదేరేటప్పుడు సుమారు 8 కిలోలున్న చెర్రీ-గరార్డ్ సంచి, తిరిగి వచ్చేసరికి సుమారు 20 కిలోలైంది. పెరిగిన బరువంతా మంచే. చెక్కలా బిగుసుకుపోయిన ఆ సంచుల్లోకి దూరడమే రోజూ పెద్ద యుద్ధమయ్యేది.

మనకు అంత చలి ఎదురుకాదు కానీ పాఠం ఒకటే. ఒక గ్రాము నీరు చర్మంమీద ఆవిరి కావడానికి సుమారు 580 కాలరీలు కావాలి. నడిచి నడిచి చెమటతో తడిసిన బనీనులో, మేజోళ్ళలో 100 గ్రాముల నీరుందనుకోండి. వాటితోనే పడుకుంటే, అవి ఆరడానికి 58 కిలో కాలరీలు ఖర్చవుతాయి. అంటే దాదాపు 50 నిమిషాలపాటు ఒళ్ళు పుట్టించిన వేడి! కాబట్టి పడుకునేముందు పొడిబట్టలు మార్చుకోవాలి. ముఖాన్ని సంచి లోపల పెట్టుకుని ఊపిరి వదలకూడదు, తలకు మంకీ క్యాపు పెట్టుకుంటే సరిపోతుంది. గుడారానికి పైనున్న గాలి సందులను ఎంత చలిగా ఉన్నా పూర్తిగా మూయకూడదు. బాతు మెత్తనీకలు తడిస్తే ముద్దవుతాయి. ఉన్ని మాత్రం కొంత తేమను పీల్చుకుని కూడా వెచ్చదనాన్ని నిలుపుతుంది. మందవెంట రాత్రులు బయట గడిపే మన గొర్రెల కాపరుల భుజంమీద గొంగడి ఊరికే ఉండదు.

కొన్ని చిట్కాలు, కొన్ని అపోహలు

ఒక లీటరు వేడినీళ్ళు గట్టి మూత ఉన్న సీసాలో పోసి, మేజోడు తొడిగి కాళ్ళ దగ్గర పెట్టుకోవడం మంచి చిట్కా. 80 డిగ్రీల నీరు 30 డిగ్రీలకు చల్లారేసరికి 50 కిలో కాలరీలు ఇస్తుంది. ఇది ముప్పావుగంట శరీరపు వేడికి సమానం. పడుకునేముందు కడుపునిండా తినడం పొయ్యిలో కట్టెలు పెట్టడం లాంటిది. బిగుతైన మేజోళ్ళు రెండు జతలు వేసుకుంటే లాభంకంటే నష్టమే ఎక్కువ: గాలికీ చోటుండదు, రక్తమూ సరిగా పారదు.

మద్యం వెచ్చదనమిస్తుందన్నది అపోహ. అది చర్మంలోని రక్తనాళాలను వెడల్పు చేస్తుంది. చర్మం వెచ్చబడినట్టు అనిపిస్తుంది, లోపలి వేడి బయటికి పోతుంది. మూత్రం బిగబట్టుకుంటే దాన్ని వేడిగా ఉంచడానికి శరీరం శక్తి ఖర్చుచేస్తుందన్న మాట కూడా సరికాదు. అది అప్పటికే ఒంటి ఉష్ణోగ్రతలో ఉంది. అయితే నిద్ర పట్టదు కాబట్టి లేచి వెళ్ళిరావడమే నయం!

కుంపటి ఎందుకు వద్దు?

ఇక వంటాయన చేసిన మొదటి పని సంగతి. బొగ్గు పూర్తిగా కాలడానికి చాలినంత ఆక్సిజన్ అందకపోతే కార్బన్ మోనాక్సైడ్ పుడుతుంది. దానికి రంగు లేదు, వాసన లేదు. పొగ లేకుండా ఎర్రగా కనిపించే నిప్పుల్లోంచి కూడా అది వస్తుంది. రక్తంలోని హీమోగ్లోబిన్‌కు అది ఆక్సిజన్‌కంటే 200 రెట్లకు పైగా గట్టిగా అంటుకుంటుంది. దాంతో రక్తం ఆక్సిజన్ మోయలేదు. తలనొప్పి, మత్తు, వికారం మొదటి గుర్తులు. నిద్రలో ఉన్నవారికి ఆ గుర్తులు కూడా తెలియవు. ఉత్తర భారతంలో చలికాలం వస్తే, మూసిన గదిలో కుంపటి పెట్టుకుని నిద్రలోనే మరణించినవారి వార్తలు పత్రికల్లో వస్తూనే ఉంటాయి. గుడారం గదికంటే చిన్నది. కుంపటి, కిరోసిన్ స్టవ్, గ్యాసు స్టవ్ ఏదైనా సరే, గుడారం బయటే ఉండాలి. తోటివాళ్ళకు తలనొప్పీ మత్తూ కనిపిస్తే వెంటనే అందరినీ బయటి గాలిలోకి తేవాలి, వైద్యసహాయం పిలవాలి.

2014 మే 25న నిజామాబాదు జిల్లా పాకాలకు చెందిన పదమూడేళ్ళ మాలావత్ పూర్ణ, ఖమ్మం జిల్లా ఆనంద్ కుమార్ ఎవరెస్టు ఎక్కారు. శిఖరం చేరడానికి ముందు ఎవరైనా ఎన్నో రాత్రులు మంచుమీద గుడారాల్లో గడపాల్సిందే. మీరు కూడా ఒకరోజు ఏ కొండకో బయలుదేరవచ్చు. ఆలోగా ఇంట్లోనే ఒక ప్రయోగం చేసి చూడండి. ఒకేలాంటి రెండు స్టీలు గ్లాసుల్లో సమానంగా వేడినీళ్ళు పోసి మూతలు పెట్టండి. తడిపిన గచ్చుమీద ఒక గ్లాసును నేరుగా ఉంచి, పైనుంచి రెండు తువ్వాళ్ళు కప్పండి. రెండో గ్లాసు కింద ఒక తువ్వాలు మడిచి వేసి, పైన ఒకటే కప్పండి. పది నిమిషాలకొకసారి బడి ప్రయోగశాల థర్మామీటరుతో ఉష్ణోగ్రత చూసి, రెండింటికీ గ్రాఫు గీయండి. ఏ గ్లాసు ముందు చల్లారుతుందో ముందే ఊహించి రాసుకోవడం మరిచిపోకండి.