నిచ్చెన ఎక్కి.. పాము నోట్లో!

* వీడియో గేముల్లో చేతులు కాల్చుకున్న బోర్డు ఆటల దిగ్గజం
* చెన్నైకి చేరింది పాచికలే

చెన్నై: మన వైకుంఠపాళినే ఇక్కడి తమిళులు పరమపదం అంటారు. ముక్కోటి ఏకాదశి జాగారం వస్తే పటం పరవాల్సిందే. ఈ ఆటే ఇంగ్లండు మీదుగా అమెరికా చేరింది. అక్కడ మిల్టన్ బ్రాడ్లీ కంపెనీ 1943లో పాముల్ని తీసేసి, జారుడుబల్లలు పెట్టి అమ్మింది. పాముల్ని వద్దనుకున్న ఆ కంపెనీని సరిగ్గా 40 ఏళ్లకు పెద్దపామే కాటేసింది!

తెర పెట్టెలోనే..

1982 చివర్లో అమెరికాలో వెక్ట్రెక్స్ అనే వీడియో గేము వచ్చింది. దీనికి టీవీతో పనిలేదు. 9 అంగుళాల తెర అందులోనే ఉంటుంది. చుక్కలతో కాకుండా సన్నటి వెలుగు గీతలతో బొమ్మలు గీస్తుంది. తెర నలుపు తెలుపే. రంగులు కావాలంటే ముందు రంగు ప్లాస్టిక్ షీటు తగిలించుకోవాలి. ధర 199 డాలర్లు. జీసీఈ అనే సంస్థ తెచ్చిన ఈ యంత్రంపై మిల్టన్ బ్రాడ్లీ మనసు పడింది. 1983లో ఆ సంస్థనే కొనేసింది.

ముహూర్తం బాగాలేదు

అప్పటికే గేము క్యాసెట్లు అవసరానికి మించి వచ్చిపడ్డాయి. దుకాణాల్లో సరకు పేరుకుపోయింది. ఇంటి కంప్యూటర్ల ధరలూ దిగొచ్చాయి. ఆ ఏడాదే అమెరికాలో వీడియో గేముల వ్యాపారం కుప్పకూలింది. వెక్ట్రెక్స్ ధరను 150కి, తర్వాత 100 డాలర్లకు తగ్గించినా లాభం లేకపోయింది. 1984లో తయారీ ఆగిపోయింది. అదే ఏడాది మిల్టన్ బ్రాడ్లీని హాస్‌బ్రో కొనేసింది. 1860లో పుట్టిన కంపెనీ 124 ఏళ్లకు మరొకరి చేతుల్లోకి వెళ్లిపోయింది.

మనకు మిగిలింది

ఆ హాస్‌బ్రోనే 1987లో చెన్నై టైర్ల సంస్థ ఎంఆర్‌ఎఫ్‌తో చేయి కలిపి ఫన్‌స్కూల్ పెట్టింది. మిల్టన్ బ్రాడ్లీ వారి 'గేమ్ ఆఫ్ లైఫ్' లాంటి బోర్డు ఆటలు అలా మన ఇళ్లకొచ్చాయి. వెక్ట్రెక్స్ కథ అప్పటికే ముగిసింది. 90ల్లో టీవీ గేము కావాలని మారాం చేసిన పిల్లల్ని తీసుకుని నాన్నలు బర్మాబజారుకు వెళ్లాల్సి వచ్చింది.

అలాగని యంత్రం చెడ్డదేం కాదు. దానికి ఇప్పటికీ కొత్త గేములు రాసే అభిమానులున్నారు. సరకు మంచిదైనా కాలం కలిసిరాకపోతే అంతే మరి. ఈసారి ముక్కోటికి పటం పరిచినప్పుడు పిల్లలకు ఈ ముచ్చటా చెప్పండి. పెద్దపాము ఎప్పుడూ పై గడిలోనే కాచుక్కూర్చుంటుంది!