ఒక్క వారంలో వండిన చట్టం!

సంగటి చేసే ఇల్లాలికి ఒకరు చెప్పాల్సిన పనిలేదు. బియ్యం మెత్తగా ఉడకాలి. రాగిపిండి వేసి, మూత పెట్టి, ఆవిరి పట్టనివ్వాలి. ఆ తర్వాతే తెడ్డుతో కెలకాలి. పొద్దుపోతోందని తొందరపడి దించామా, ముద్ద పైకి బాగానే కనిపిస్తుంది. విరిస్తే లోపల పచ్చిపిండి ఉండలు! తిన్నవాళ్ళకు కడుపునొప్పి, చేసినవాళ్ళకు మాట.

చట్టాలు కూడా అంతేనమ్మా. తేడా ఒక్కటే. సంగటి పచ్చిగా ఉంటే మాట మనకొస్తుంది. చట్టం పచ్చిగా ఉంటే కడుపునొప్పీ మనకే, మాటపడేవాళ్ళు మాత్రం ఎవరూ ఉండరు!

"ఢిల్లీలో చేసే చట్టాలతో మనకేం పని?" అంటారా? మా పక్కింటి వదిన కూడా అదే అనేది. ఆమెది ఆళ్ళగడ్డ, మెట్టింటికి నంద్యాల వచ్చింది. ఆమె మాట ఎలా మారిందో చెప్పేముందు ఒక పాత కథ వినండి.

1897 నాటి ముచ్చట

1896లో బొంబాయిలో ప్లేగు పుట్టింది. జనం ఊళ్ళు విడిచి పారిపోతుంటే తెల్లదొరలకు కంగారు పుట్టింది. 1897 జనవరి 28న కలకత్తాలో వైస్రాయి సభ ముందు ఒక బిల్లు పెట్టారు. ఫిబ్రవరి 4కల్లా అది చట్టమైపోయింది. లెక్కపెట్టండి, సరిగ్గా ఒక్క వారం! అదే అంటువ్యాధుల చట్టం. ఉన్నవి నాలుగే సెక్షన్లు. క్లుప్తంగా చెప్పాలంటే, వ్యాధిని ఆపడానికి ప్రభుత్వం ఏ ఆజ్ఞయినా వేయవచ్చు. కాదన్నవాళ్ళకు శిక్ష. మంచి ఉద్దేశంతో చేశామంటే చాలు, అధికారుల మీద దావా వేయడానికి వీల్లేదు.

ఆ తర్వాత పూనాలో ఏం జరిగిందో తెలుసా? ప్లేగు తనిఖీల పేరుతో సిపాయిలు ఇళ్ళలోకి, దేవుడి గదుల్లోకి, వంటిళ్ళలోకి చొరబడ్డారు. ఆడవాళ్ళను కూడా పరీక్షల పేరుతో అవమానించారని ఊరంతా మండిపడింది. అడగడానికి గడప లేదు, చెప్పుకోవడానికి దిక్కు లేదు. చివరికి 1897 జూన్ 22న చాపేకర్ సోదరులు ప్లేగు అధికారి ర్యాండ్‌ను కాల్చారు. చట్టంలో అడిగే దారి లేనప్పుడు కోపం ఎంత పనైనా చేయిస్తుంది మరి!

అదే చట్టం మన వీధికి

తెల్లవాళ్ళు పోయారు, చట్టం మాత్రం మిగిలింది. 2020 మార్చిలో మన రాష్ట్ర ప్రభుత్వం కరోనా నిబంధనలు జారీ చేసింది ఈ 1897 చట్టం కిందే. నంద్యాల అప్పటికింకా కర్నూలు జిల్లాలోనే ఉంది. వీధి మొదట్లో వెదురుగడలు అడ్డం కట్టారు. పాలప్యాకెట్టుకు వరుస, కూరగాయలకు వరుస. గుర్తుండే ఉంటుంది కదూ?

ఆ రోజుల్లోనే దేశంలో చాలాచోట్ల డాక్టర్ల మీద, నర్సుల మీద దాడులు జరిగాయి. పార్లమెంటు మార్చి 23నే వాయిదా పడింది. అందుకని 2020 ఏప్రిల్ 22న ఆర్డినెన్సు తెచ్చారు. వైద్య సిబ్బందిపై చెయ్యి చేసుకుంటే 3 నెలల నుంచి 5 ఏళ్ళ దాకా జైలు, 50 వేల నుంచి 2 లక్షల దాకా జరిమానా. తీవ్రంగా గాయపరిస్తే 7 ఏళ్ళ వరకు జైలు. మంచిదే! మన ప్రాణాలు కాపాడేవాళ్ళను కొడితే ఊరుకుంటామా? ఇంటికి నిప్పంటుకున్నప్పుడు ముహూర్తం చూసుకుని నీళ్ళు చల్లరు కదా. అవసరమైన తొందరను తప్పుపట్టలేం.

కానీ నిప్పు ఆరాకైనా ఎలా అంటుకుందో కూర్చుని మాట్లాడుకోవాలి కదా! ఆర్డినెన్సు స్థానంలో బిల్లు సెప్టెంబరు 19న రాజ్యసభలో, 21న లోక్‌సభలో గట్టెక్కింది. దీన్ని స్థాయీ సంఘానికి పంపలేదు. ఇంకా సమగ్రమైన ఆరోగ్య చట్టం కావాలని సభలో అడిగినవాళ్ళున్నారు. మన మంచాల సంగతి, మందుల సంగతి, ప్రాణవాయువు సంగతి ఆ సవరణలో లేనే లేవు.

ఇంకో విషయం. ఆ సమావేశాల్లో ప్రశ్నోత్తరాల సమయమే తీసేశారు! రోజూ ఒక గంట మంత్రులు లేచి నిలబడి సభ్యులడిగిన వాటికి నోటితో జవాబు చెప్పాలి. జవాబు నచ్చకపోతే అనుబంధ ప్రశ్న వేయవచ్చు. కరోనా కారణంగా అది రద్దయి, రాతపూర్వక జవాబులే మిగిలాయి. లాక్‌డౌన్‌లో నడిచి వెళుతూ ఎంతమంది వలస కూలీలు చనిపోయారని అడిగితే, అలాంటి లెక్కలు లేవని సెప్టెంబరు 14న కార్మిక శాఖ రాసిచ్చింది. కాగితాన్ని మళ్ళీ నిలదీయలేం కదండీ!

వదిన అడిగిన ప్రశ్న

ఇప్పుడు మా వదిన సంగతికి వస్తాను. 2021 మేలో రెండో అల వచ్చింది. ఆళ్ళగడ్డలో ఉన్న ఆమె అన్నకు ఊపిరాడలేదు. నంద్యాల నలభై కిలోమీటర్ల దూరం. ఒక ఆసుపత్రిలో మంచం లేదన్నారు, ఇంకోచోట ఆక్సిజన్ లేదన్నారు. మూడోచోట చేర్చుకునేసరికి ఆలస్యమైపోయింది. చేతికొచ్చిన కాగితంలో గుండె ఆగి చనిపోయినట్టు రాసుంది.

ఆ నెల 10వ తేదీ రాత్రే తిరుపతి రుయా ఆసుపత్రిలో ఆక్సిజన్ ఒత్తిడి తగ్గి 11 మంది చనిపోయారు. రాష్ట్రమంతా ఏడ్చింది. అయితే 2021 జూలై 20న రాజ్యసభలో ఆరోగ్యశాఖ సహాయమంత్రి భారతీ ప్రవీణ్ పవార్ ఇచ్చిన రాతపూర్వక జవాబులో, ఆక్సిజన్ లేక చనిపోయినట్టు రాష్ట్రాలేవీ ప్రత్యేకంగా తెలపలేదని ఉంది.

టీవీలో ఆ వార్త వస్తుంటే వదిన మా వంటింట్లో చిక్కుడుకాయలు ఈనెలు తీస్తోంది. చేతులు ఆగిపోయినాయి.

"వదినా, లెక్క రాయలేదంటే సచ్చిపోలేదనేనా? మాయన్న ఏ లెక్కలో ఉండాడు?" అంది.

నా దగ్గర జవాబు లేదు. ఆలోచిస్తే ఆ జవాబులో అబద్ధం ఉందని కూడా చెప్పలేం. ఆరోగ్యం రాష్ట్రాల విషయం. రాష్ట్రం పంపిందే కేంద్రం చెబుతుంది. రాష్ట్రం జిల్లాను చూపిస్తుంది, జిల్లా ఆసుపత్రిని చూపిస్తుంది. అత్త మీద కోపం దుత్త మీద చూపినట్టు చివరికి అందరూ నర్సమ్మను తిడతారు. బాధ్యత అనేది చేతులు మారుతూ మారుతూ మాయమైపోతుంది.

అయితే ఒక్క మాట గమనించండి. సభలో, బయటా గొడవ అయ్యాక కేంద్రం రాష్ట్రాలను మళ్ళీ వివరాలడిగింది. ఆగస్టులో వచ్చిన జవాబులో, మే 10న ఆ ఆసుపత్రిలో వెంటిలేటర్ మీదున్న కొందరు చనిపోయినట్టు ఆంధ్రప్రదేశ్ తెలిపిందని ఉంది. అంటే, మళ్ళీ అడిగితే జవాబు మారింది!

నంద్యాలకు ఉన్న సంబంధం

మన నంద్యాలకు పార్లమెంటు కొత్తేం కాదు. 1977లో రాష్ట్రంలోని 42 స్థానాల్లో 41 కాంగ్రెసుకు పోతే, జనతా తరఫున గెలిచిన ఒకే ఒక్కడు నంద్యాల నుంచి నీలం సంజీవరెడ్డి. ఆయనే స్పీకరయ్యారు, ఆ ఏడాదే రాష్ట్రపతయ్యారు. 1991లో ప్రధాని అయ్యాక పి.వి. నరసింహారావు లోక్‌సభకు వెళ్ళిందీ నంద్యాల ఉపఎన్నికలో గెలిచే.

ఆయన ప్రధానిగా ఉండగానే, 1993లో, శాఖలవారీ స్థాయీ సంఘాలు 17 ఏర్పడ్డాయి. ఇవే చట్టాలకు ఆవిరిపట్టే మూతలు! అన్ని పార్టీల సభ్యులు కూర్చుని, డాక్టర్లను, రోగుల తరఫువాళ్ళను పిలిచి, ఒక్కో సెక్షనూ విప్పి చూస్తారు. 2017లో వచ్చిన జాతీయ వైద్య కమిషన్ బిల్లునే చూడండి. ఆయుర్వేదం, హోమియో చదివినవారు చిన్న కోర్సు చేసి ఇంగ్లీషు మందులు రాయవచ్చన్న అంశం అందులో ఉంది. డాక్టర్లు గొడవ చేస్తే బిల్లు సంఘానికి వెళ్ళింది. 2018 మార్చిలో నివేదిక వచ్చాక ప్రభుత్వం ఆ కోర్సును తీసేసింది.

కానీ 2009–14 లోక్‌సభలో నూటికి 71 బిల్లులు సంఘాలకు వెళితే, 2019–24లో వెళ్ళినవి 16 మాత్రమే. మూత పెట్టడమే మానేస్తున్నాం!

1897 చట్టంలో పెద్ద లోపాలున్నాయని లా కమిషన్ కూడా 2024 ఫిబ్రవరిలో 286వ నివేదికలో చెప్పింది. ఇంకో మహమ్మారి రాకముందే ఆ చట్టాన్ని నిదానంగా వండుకోవాలి.

మనమేం చేయవచ్చు?

• కొత్త బిల్లు ముసాయిదాను కనీసం 30 రోజులు జనం ముందుంచాలని 2014లో కేంద్రం నిర్ణయించుకుంది. స్థాయీ సంఘాలు కూడా పత్రికల్లో ప్రకటన ఇచ్చి సలహాలు అడుగుతుంటాయి. మహిళా సంఘం సమావేశంలో మాట్లాడుకుని ఒక ఉత్తరం రాయవచ్చు.

• మీ ఎం.పి. ఓటడగడానికి వచ్చినప్పుడు, "సభలో ఆరోగ్యం మీద ఏమడిగారు?" అని అడగండి. జవాబు లోక్‌సభ వెబ్‌సైటులో పిల్లలు చూసిపెడతారు.

• సమాచార హక్కు చట్టం 2005 నుంచి ఉంది. మన రాష్ట్రంలో గ్రామస్థాయిలో రుసుం లేదు, మండలంలో 5 రూపాయలు, ఆపైన 10. ముప్పై రోజుల్లో జవాబివ్వాలి. మీ ఆసుపత్రిలో మంచాలెన్ని, ఆక్సిజన్ ప్లాంటు పనిచేస్తోందా అని అడగడానికి భయమెందుకు?

• ఆసుపత్రి కాగితాలన్నీ, చిన్న చీటీతో సహా, ఒక సంచిలో దాచండి.

ఆ చివరిదే మా వదినకు అక్కరకొచ్చింది. మరణపత్రంలో కరోనా అని లేదన్న సాకుతో 50 వేల పరిహారం కాదనరాదని 2021 అక్టోబరు 4న సుప్రీంకోర్టు చెప్పింది. పరీక్ష చీటీలు, స్కానింగు కాగితాలు జతచేసి ఆళ్ళగడ్డలో వదినగారి మరదలు అర్జీ పెట్టుకుంది. డబ్బు వచ్చింది.

"డబ్బుదేముంది వదినా, మాయన్న పేరు లెక్కలోకొచ్చింది. అదే సాలు" అంది వదిన.

2022 ఏప్రిల్‌లో నంద్యాల జిల్లా అయింది, 2023 సెప్టెంబరులో ప్రభుత్వ వైద్య కళాశాల తెరిచారు. సంతోషమే. కానీ కట్టడం ఎంత ముఖ్యమో, అడగడం అంత ముఖ్యం. ఇంట్లో పాలలెక్క, చాకలిలెక్క తప్పు పోనివ్వం కదా, ప్రాణాల లెక్క మాత్రం ఎందుకు వదిలేయాలి? ఏమంటారు?