చలిదినములలో క్రొత్తదూడ

హైదరాబాదునందలి బంజారా హిల్సు నేడు మేడలతో నిండియున్నను, ఆ గుట్టలకు పేరు వచ్చినది ఎడ్లమందలతో బ్రతికిన బంజారాలవలననే. చుట్టుపట్ల పల్లెలలోని చిన్నరైతు యిల్లు పుష్యమాసపు చలిలోను పాడిపనులతోనే మేల్కొనును. గేదెలు పెక్కు వానకాలపు తుదినుండి చలికాలములోపల ఈనును గనుక పాడి అధికము. దూడలకు గండమును అధికమే.

మాయ పడువరకు దూడను పొదుగు చేరనీయని వాడుక పెక్కుచోట్ల కలదు. ఇది దూడను చంపు వాడుక యని మేము స్పష్టముగా చెప్పుచున్నాము. ఈనిన రెండుగంటలలోపల ముర్రుపాలు పట్టవలెను. తొలిదినమున దూడ బరువులో పదవవంతు, అనగా 30 కిలోల దూడకు 3 కిలోలు, విడతలుగా. రోగముల నెదుర్కొను శక్తి ఆ పాలవలననే కలుగును. దినము గడచినచో దూడ ప్రేవులు దానిని గ్రహింపజాలవు. జున్నునకు మిగిలినవి చాలును. సంఘపు పాలలో నవి యెటులును కలుపరానివే.

రాత్రి గోనెపట్టా కప్పి, పొడిగడ్డి పరచి, తడికలతో చలిగాలి నాపవలెను. కొట్టము మూసి పొగ పెట్టరాదు.