కాగితం ముక్క కూడా అమానతే

ఇంట్లోకి ఓ మట్టికుండ కొనాల్సివస్తే మనవాళ్లు ఎంత జాగ్రత్త పడతారో అందరికీ తెలిసిందే. వేలితో కొట్టి మోత వింటారు. వెలుతురుకెత్తి పగులుందేమో చూస్తారు. రెండు దుకాణాలు తిరిగి బేరమాడతారు. కాని అదే మనిషి ఆఫీసులో కూర్చుని పది ఫ్యాన్లకో, నలభై కుర్చీలకో ఇండెంట్ రాసేటప్పుడు ఆ జాగ్రత్త ఏమైపోతోంది? మూడు కొటేషన్లు వస్తాయి. అన్నిటికన్నా తక్కువ ధర ఉన్నదాని మీద టిక్కు పడుతుంది. వస్తువు ఎన్నాళ్లు మన్నుతుంది, చెడితే బాగవుతుందా, పారేస్తే ఎవరి గుమ్మంలో పడుతుంది అని అడిగేవారుండరు. 'మన డబ్బా ఏమన్నానా?' అన్న మాటతో అందరం సరిపెట్టుకుంటాం.

నిజానికి 'మన డబ్బు కాదు' అన్నచోటనే ఇస్లాం దృష్టిలో అసలు లెక్క మొదలవుతుంది. పరుల సొమ్ము మన చేతికి వస్తే అది అమానత్. ప్రతి వ్యక్తీ ఒక కాపరేనని, తన సంరక్షణలో ఉన్నదాని గురించి అతడు జవాబు చెప్పుకోవలసి ఉంటుందని దైవప్రవక్త ముహమ్మద్ (స) బోధించారు. బుఖారీ, ముస్లిం గ్రంథాలు రెండింటిలోనూ ఉన్న ఈ హదీసులో రాజుతోపాటు సేవకుడి ప్రస్తావన కూడా ఉంది. యజమాని సొమ్ముకు సేవకుడు కాపరి. నేటి భాషలో చెప్పాలంటే గుమాస్తా, స్టోర్ కీపరు, ప్రిన్సిపాలు, హాస్టల్ మెస్ కార్యదర్శి అందరూ కాపరులే.

మదీనా గవర్నరు అడిగిన కాగితాలు

హిజ్రీ 99 నుంచి 101 వరకు, అంటే క్రీ.శ. 717-720 మధ్య, ఖలీఫాగా ఉన్న హజ్రత్ ఉమర్ బిన్ అబ్దుల్ అజీజ్ (రహ్మలై) జీవిత చరిత్రలో ఓ సంఘటన ఉంది. మదీనా గవర్నరు అబూబక్ర్ బిన్ హజ్మ్ కార్యాలయానికి కాగితాలు కావాలనీ, రాత్రివేళ దారి చూసుకోవడానికి కొవ్వొత్తుల ఖర్చు కావాలనీ రాశారు. ఖలీఫా సమాధానం సూటిగా వచ్చింది. కలం మొన సన్నగా చెక్కుకోమన్నారు. పంక్తులు దగ్గర దగ్గరగా రాసి, పది పనులు ఒకే కాగితంలో ఇమిడ్చి పంపమన్నారు. కొవ్వొత్తుల విషయానికొస్తే, గవర్నరు పదవి రాకముందు చలికాలపు చీకటి రాత్రుల్లో దీపం లేకుండానే ఇంటి నుంచి బయలుదేరిన రోజులను ఆయనకు గుర్తుచేశారు.

అప్పటి ఖిలాఫత్ పేదదేమీ కాదు. నాలుగు కాగితాలకు ఖజానా ఖాళీ అయ్యేదీ కాదు. అయినా ప్రజల సొమ్ముతో కొనే ప్రతి వస్తువునూ ముందుగా 'ఇది అవసరమా?' అని ప్రశ్నించడం ఆ పాలకుని అలవాటు. పర్యావరణ నిపుణులు ఈరోజు చెబుతున్న మొదటి సూత్రం కూడా ఇదే. కొనకుండా జరిగిపోయే వస్తువే అన్నిటికన్నా భూమికి మేలు చేసే వస్తువు.

ఓ చిన్న లెక్క చూద్దాం. విశ్వవిద్యాలయంలో పరిశోధన చేసే విద్యార్థి 200 పేజీల థీసిస్‌ను ఒకవైపే ముద్రించి ఐదు ప్రతులు ఇస్తే వెయ్యి కాగితాలు, అంటే రెండు రీములు. రెండువైపులా ముద్రిస్తే ఒక్క రీము. విభాగం ఒక్క తీర్మానం చేస్తే ఏటా వచ్చే థీసిస్‌లన్నిటికీ సగం కాగితం మిగులుతుంది. కలం మొన సన్నగా చెక్కడమంటే ఈ కాలంలో ఇదే.

తక్కువ ధర ఏది?

ప్రభుత్వ కార్యాలయాల్లో తక్కువ ధర చెప్పినవారి దగ్గరే కొనాలనే నిబంధన ఉందని, తాము చేయగలిగిందేమీ లేదని చాలామంది అంటారు. ఇది సగం నిజమే. ఎందుకంటే ఇండెంట్‌లో రాసిన లక్షణాలకు సరిపోయే వస్తువుల్లోనే తక్కువ ధర చూస్తారు. 'ఫ్యాన్లు 50' అని రాస్తే నాసిరకం ఫ్యాను వస్తుంది. 'ఐదు స్టార్లు గల ఫ్యాన్లు, ఇన్నేళ్ల వారంటీ' అని రాస్తే ఆ రకంలో తక్కువ ధరది వస్తుంది. తాళంచెవి టెండరు తెరిచేవారి దగ్గర కాదు, ఇండెంట్ రాసేవారి దగ్గర ఉంది.

మామూలు సీలింగ్ ఫ్యాను సుమారు 75 వాట్ల కరెంటు తీసుకుంటుంది. బీఎల్‌డీసీ రకం ఫ్యానుకు 30 వాట్లు చాలు. రోజుకు 10 గంటలు, ఏడాదికి 250 రోజులు తిరిగితే మొదటిది 187 యూనిట్లు, రెండవది 75 యూనిట్లు కాలుస్తుంది. 50 ఫ్యాన్లున్న కాలేజీలో ఏడాదికి 5,600 యూనిట్ల తేడా! 2023 జనవరి నుంచి సీలింగ్ ఫ్యాన్లకు స్టార్ గుర్తు తప్పనిసరి కనుక గుర్తుపట్టడం కష్టం కాదు. కొనేరోజు నాలుగు వందలు మిగిల్చి, పదేళ్లు కరెంటు బిల్లు కట్టడం పొదుపు అనిపించుకోదు.

ఇక టీ కప్పులు. 40 మంది ఉన్న ఆఫీసులో రోజుకు రెండుసార్లు టీ తాగితే 250 పనిదినాల్లో 20 వేల కప్పులు చెత్తకుండీ చేరతాయి. కాగితం కప్పు కదా అని తృప్తిపడటానికి లేదు. నీరు కారకుండా దాని లోపల పలుచని ప్లాస్టిక్ పొర ఉంటుంది. అటువంటి కప్పులో 100 మిల్లీలీటర్ల వేడి ద్రవం పావుగంట ఉంటే సుమారు 25 వేల ప్లాస్టిక్ సూక్ష్మకణాలు అందులో కలుస్తాయని ఖరగ్‌పూర్ ఐఐటీ పరిశోధకులు 2020లో తేల్చారు. స్టీలు గ్లాసులు కొంటే ఒక్కసారి ఖర్చుతో ఏళ్లతరబడి వస్తాయి. అయితే వాటిని కడిగేదెవరు? ఆయమ్మ. ఆమె మీద ఉచితంగా పని మోపి భూమిని కాపాడామనుకోవడం న్యాయం కాదు. కప్పు రూపాయి వేసుకున్నా ఏడాదికి 20 వేలు మిగులుతాయి. అందులోంచి ఆమె కష్టానికి తగిన ప్రతిఫలం ముట్టజెప్పాలి.

పరుపు నేర్పే పాఠం

ఆంధ్ర, తెలంగాణ ప్రాంతాల్లో దూదేకుల, నూర్‌బాషా సోదరుల వృత్తి అందరూ ఎరిగినదే. దూది పరుపు నాలుగేళ్లకు ఉండలు కడితే పారేయనక్కర లేదు. కుట్లు విప్పి, దూదిని మళ్లీ ఏకి, కొత్త గుడ్డలో నింపి కుడితే పరుపు కొత్తదవుతుంది. దుమ్ము పోతుంది, దూది మిగులుతుంది, ఓ కుటుంబానికి కూలి దొరుకుతుంది. మన పెద్దలు పర్యావరణం అనే మాట వాడకుండానే పాటించిన పద్ధతి ఇది.

ఇప్పుడు చాలా హాస్టళ్లలో ఫోమ్ పరుపులు వచ్చాయి. తేలికగా ఉంటాయి, ఎండలో వేసే పని లేదు. కాని ఒకసారి నలిగి గుంటపడితే బాగుచేసే మార్గం లేదు. వందల పరుపులు ఒకేసారి చెత్తగా మారతాయి. దూది పరుపుకు ఎండ కావాలి, మోయడానికి ఇద్దరు కావాలి, నిజమే. అయినా కొనే ముందు హాస్టల్ కమిటీ ఒక్క ప్రశ్న వేసుకోవడం మంచిది: ఇది పాడైతే మన ఊళ్లో ఎవరైనా బాగుచేయగలరా? కుర్చీ, బెంచీ, మిక్సీ, ప్రింటరు అన్నిటికీ ఈ ప్రశ్న వర్తిస్తుంది.

పాత కంప్యూటరు ఎక్కడికి పోతుంది?

ల్యాప్‌టాప్ వల్ల భూమికి కలిగే భారంలో పెద్దభాగం దాన్ని తయారు చేసేటప్పుడే పడుతుంది. కనుక మూడేళ్లకు మార్చేదాన్ని ర్యామ్ పెంచి, హార్డ్ డిస్కు మార్చి ఆరేళ్లు వాడితే అదే గొప్ప మేలు. ఇక పనికిరాదనుకున్నాక దాన్ని ఎవరికి ఇస్తున్నామన్నది మరింత ముఖ్యం. ఎక్కువ ధర చెప్పిన పాత ఇనుము వ్యాపారికి వేలంలో అమ్మేస్తే ఆ యంత్రాలు ఢిల్లీలోని సీలంపూర్, ఉత్తరప్రదేశ్‌లోని మొరాదాబాద్ వంటి చోట్లకు చేరవచ్చు. అక్కడి పేద కుటుంబాలు రాగి కోసం తీగలు కాల్చి, ఆమ్లాలతో బోర్డులు కడిగి, సీసం నిండిన పొగ పీల్చిన వైనం లోకమంతటికీ తెలుసు. ఇతరులకు హాని చేయరాదన్నది షరీఅత్ మూలసూత్రాల్లో ఒకటి. కంటికి కనబడని దూరంలో జరిగినంత మాత్రాన హాని హాని కాకుండా పోదు.

2023 ఏప్రిల్ నుంచి అమల్లోకి వచ్చిన ఈ-వ్యర్థాల నిబంధనల ప్రకారం పెద్ద సంస్థలు తమ పాత యంత్రాలను నమోదైన రీసైక్లింగ్ సంస్థలకో, బాగుచేసి తిరిగి వాడుకలోకి తెచ్చే సంస్థలకో, నమోదైన తయారీదారులకో మాత్రమే అప్పగించాలి. చిన్న కాలేజీలు, మదర్సాలు కూడా ఈ పద్ధతిని స్వచ్ఛందంగా పాటించడం ఉత్తమం.

పైన పొడి, లోపల తడి

దైవప్రవక్త (స) ఓసారి బజారులో ధాన్యం రాశిలో చేయి పెట్టి చూశారు. పైన పొడిగా ఉన్న గింజలు లోపల తడిగా ఉన్నాయి. వానకు తడిశాయని యజమాని చెప్పాడు. జనానికి కనబడేలా తడిగింజలు పైన ఎందుకు పెట్టలేదని ప్రవక్త (స) నిలదీశారు. మోసగించేవాడికి తనతో సంబంధం లేదని హెచ్చరించారు. ఇది ముస్లిం గ్రంథంలోని హదీసు.

నేటి బజారులో ఆకుపచ్చ అట్టపెట్టె, దాని మీద ఓ ఆకు బొమ్మ, 'పర్యావరణ హితం' అన్న అక్షరాలు కనబడితే మనమూ చేయి లోపలికి పెట్టి చూడాలి. ఆధారం ఏమిటో సరఫరాదారుని అడగాలి. భారత ప్రభుత్వం 1991లోనే మట్టికుండ గుర్తుతో 'ఎకోమార్క్' పథకం ప్రవేశపెట్టింది. దాని స్థానంలో 2024లో కొత్త నిబంధనలు వచ్చాయి. ఆధారం లేకుండా ఇటువంటి గొప్పలు చెప్పుకోవడాన్ని అరికట్టేందుకు కేంద్ర వినియోగదారుల రక్షణ ప్రాధికార సంస్థ కూడా 2024 అక్టోబరులో మార్గదర్శకాలు విడుదల చేసింది.

దీపావళికి, రంజానుకు సరఫరాదారుడు ఇంటికి పంపే కానుకల సంగతి కూడా చెప్పుకోవాలి. జకాత్ వసూలుకు వెళ్లిన ఓ వ్యక్తి తిరిగివచ్చి ఇది ప్రజాధనం, ఇది నాకిచ్చిన కానుక అని వేరుచేసినప్పుడు ప్రవక్త (స) మింబరుపై నిలబడి తీవ్రంగా ఖండించారు. అతను తల్లిదండ్రుల ఇంట్లోనే కూర్చుని ఉంటే ఆ కానుక వచ్చేదా అని ప్రశ్నించారు. కానుక పుచ్చుకున్న చేయి నాసిరకం వస్తువును తిప్పి పంపలేదు. మన కార్యాలయాల్లో మన్నని సామాను పేరుకుపోవడానికి ఇదొక ముఖ్య కారణమని మేము భావిస్తున్నాం.

మన చేతిలో ఏముంది?

అధికారం లేనివారు సైతం చేయగల పనులు కొన్ని ఉన్నాయి. ఇండెంట్ రాసే గుమాస్తా మన్నిక, స్టార్ గుర్తు, మరమ్మతు సౌకర్యం అనే మూడు మాటలు చేర్చవచ్చు. కొత్తది కోరేముందు స్టోరులో మూలనపడి ఉన్నవాటి జాబితా చూడవచ్చు. విద్యార్థులు సీనియర్ల పుస్తకాలు, ల్యాబ్ కోట్లు, డ్రాయింగ్ బోర్డులు కొనుక్కోవచ్చు. కుళాయిలు మార్చే సమయంలో నీరు తక్కువగా వదిలే రకం అడగవచ్చు. దైవప్రవక్త (స) ఒక ముద్ నీటితో, అంటే ముప్పావు లీటరుకు మించని నీటితో, వుజూ చేసేవారని హజ్రత్ అనస్ (రజి) తెలిపారు కదా!

ముఖ్యంగా రంజాన్ మాసంలో హాస్టళ్లలో, ఆఫీసుల్లో ఇఫ్తార్ ఏర్పాటు చేసే యువకులకు ఓ మనవి. ప్లాస్టిక్ ప్లేట్లు, గ్లాసులు, చెంచాలపై 2022 జులై 1 నుంచి దేశమంతటా నిషేధం ఉంది. ఉపవాసం విరమించే సమయంలో నిషేధించిన ప్లేటు చేతికివ్వడం శోభించదు. అడ్డాకుల విస్తర్లున్నాయి, స్టీలు పళ్లేలు అద్దెకు దొరుకుతాయి. దుబారా చేసేవారిని షైతాను సోదరులుగా దివ్య ఖుర్ఆన్ పేర్కొన్నది (బనీ ఇస్రాయీల్ సూరా, 27వ వాక్యం). ఖర్జూరం గింజ కన్నా ప్లాస్టిక్ ఎక్కువ మిగిలే విందు ఏ లెక్కలోకి వస్తుందో నిర్వాహకులే ఆలోచించాలి.

సంస్థ సొమ్ము ఎవరిదో కాదు. అది ఫీజు కట్టిన తండ్రిది, పన్ను కట్టిన రైతుది, చందా వేసిన వృద్ధురాలిది. భూమి మన తర్వాత వచ్చేవారిది కూడా. వీరందరి ఎదుట ప్రళయదినాన లెక్క ఒప్పజెప్పగల కొనుగోలే నిజమైన చవక బేరం. చేతికి వచ్చిన ప్రతి అమానత్‌కు న్యాయం చేసే భాగ్యాన్ని అల్లాహ్ మనందరికీ ప్రసాదించుగాక! ఆమీన్.