షాక్ కొట్టాక మతిమరుపు

హనుమాన్ జంక్షన్‌లో నాలుగు దారులు కలుస్తాయి. ఇటు నూజివీడు, అటు గుడివాడ. ఒక పక్క విజయవాడ, ఇంకో పక్క ఏలూరు. చుట్టూ పొలాలు, చేపల చెరువులు. పొలానికి మోటారు కావాలి. చెరువులో ఏరియేటర్ తిరగాలి. రెండింటికీ కరెంటే. తడి కాళ్లతో స్టార్టరు ముట్టుకునే పని ఇక్కడ ఎక్కువ.

షాక్ కొట్టిన మనిషి బతికితే గండం గడిచింది అంటాం. చేతి మీద బొబ్బ మానితే అంతా మానినట్టే అనుకుంటాం. కానీ కొందరికి అసలు కష్టం ఆ తర్వాతే మొదలవుతుంది.

ఒక ఇంటి సంగతి అనుకుందాం. మోటారు దగ్గర షాక్ కొట్టి ఇంటాయన పడిపోయాడు. పది రోజుల్లో లేచి తిరిగాడు. రెండు నెలలకు తేడా కనపడింది. ఎరువుల కొట్టుకు పోయి ఏం కావాలో మరిచిపోతాడు. కూలి లెక్క మూడుసార్లు వేసినా తేలదు. రాత్రి నిద్ర పట్టదు. పిల్లలు గట్టిగా మాట్లాడితే కసురుకుంటాడు. బద్ధకం అంటారు కొందరు. తాగుతున్నాడేమో అంటారు. గాలి సోకిందని తాయెత్తు కట్టిస్తారు. డబ్బు పోతుంది, మతిమరుపు పోదు.

ఇది గాలీ కాదు, బద్ధకమూ కాదు. లోపలి దెబ్బ.

మన మెదడు, నరాలు చాలా చిన్న కరెంటుతోనే కబుర్లు పంపుకుంటాయి. ఇంట్లోకి వచ్చే కరెంటు 230 వోల్టులు. మూడు ఫేజుల మోటారుకైతే 400 పైమాటే. అది ఒంట్లోంచి పోతే నరాలు దెబ్బతింటాయి. గుండె ఆగితే మెదడుకు ప్రాణవాయువు అందదు. పడినప్పుడు తలకు దెబ్బ తగలవచ్చు. చిత్రమేమిటంటే, కరెంటు తలలోకి పోకపోయినా కొందరికి మతిమరుపు వస్తుంది. స్కానింగులో ఏమీ కనపడకపోవచ్చు. అయినా బాధ నిజమే.

అందరికీ ఇలా అవుతుందని భయపడకండి. స్విచ్చి దగ్గర చిన్న షాక్ తగిలిన వాళ్లలో చాలామందికి ఏమీ కాదు.

డాక్టరు దగ్గర షాక్ సంగతి తప్పక చెప్పాలి, ఏడాది కిందటిదైనా సరే. చెప్పకపోతే ఆయన నిద్ర బిళ్లలు రాసి ఊరుకోవచ్చు. మీకు చదువు వచ్చింది గదా, కాగితం మీద రాసి పట్టుకెళ్లండి. షాక్ ఏ తేదీన కొట్టింది? స్పృహ తప్పిందా? మతిమరుపు ఎప్పుడు మొదలైంది? నరాల డాక్టరుకు చూపించాలా అని అడగండి. దిగులు ఎక్కువైతే 14416 కు ఫోను చేయవచ్చు. డబ్బులు అక్కర్లేదు, తెలుగులోనే మాట్లాడతారు.

ఇంట్లో ఆయనకు ఒకసారి ఒక్క పనే చెప్పండి. మోటారు దగ్గరకు మాత్రం ఒంటరిగా పంపకండి. మెయిన్ ఆపడం కూడా మరిచిపోవచ్చు.