జపనీస్ క్రియ 'షిమఉ': తెలుగు సహాయక్రియలతో పోలిక

ఉపోద్ఘాతం

జపనీస్, తెలుగు భాషలు రెండింటిలోనూ క్రియ వాక్యాంతంలో ఉంటుంది. ప్రధానక్రియకు మరొక క్రియ చేరి అర్థచ్ఛాయను మార్చడం రెండింటికీ సహజం. ఈ సామ్యం నిర్మాణపరమైనదే కాని సజాతీయతకు నిదర్శనం కాదు. సుసుము ఓనో ప్రతిపాదించిన తమిళ-జపనీస్ సంబంధానికి సైతం భాషావేత్తల సాధారణ ఆమోదం లభించలేదు. అయినా 'షిమఉ' క్రియను నేర్చుకునే విద్యార్థికి తెలుగు ఎంతవరకు తోడ్పడుతుందో, ఎక్కడ దారి తప్పిస్తుందో పరిశీలించదగినది.

అర్థం - నిర్మాణం

స్వతంత్రక్రియగా 'షిమఉ'కు 'ముగించు', 'వస్తువును దాని చోట పెట్టేయు' అనే అర్థాలున్నాయి. మరొక క్రియ 'తె' రూపానికి సహాయక్రియగా చేరినప్పుడు పని పూర్తయిందనీ, ఇక వెనక్కు మళ్ళదనీ సూచిస్తుంది. ఇక్కడి 'తె' రూపం తెలుగు క్త్వార్థకం వంటిది. 'తబెతె షిమత్త' అంటే 'తినేశాడు'. 'వసురెతె షిమత్త' అంటే 'మరచిపోయాడు'. కర్త ఎవరన్నది జపనీస్‌లో సందర్భాన్ని బట్టి గ్రహించాలి.

జపనీస్ ఒక్క క్రియకు అప్పగించిన పనిని తెలుగు 'వేయు', 'పోవు' అనే రెండింటికి పంచింది. కర్త పూనుకొని చేసేదానికి తరచుగా 'వేయు', కర్తకు సంభవించేదానికి 'పోవు' వస్తాయి. 'నవ్వేశాడు', 'వెళ్ళిపోయాడు' వంటి ప్రయోగాలు ఈ విభజనకు పూర్తిగా లొంగవు. సంకోచరూపాల్లోనూ పోలిక కనిపిస్తుంది. 'తినివేయు' 'తినేయు' అయినట్లే, వాడుకలో 'తబెతె షిమఉ' 'తబెచఉ' అవుతుంది.

ప్రయోగభేదం

తెనాలిలో నందివెలుగు బస్సు అందనివారు 'బస్సు వెళ్ళిపోయింది' అంటారు. 'బసు గ ఇత్తె షిమత్త' అనే వాక్యం దీనికి చక్కగా సరిపోతుంది. చేజారిందన్న విచారం రెండింటిలోనూ ఉంది. చిక్కు 'వచ్చేశాడు' దగ్గర వస్తుంది. 'నాన్న వచ్చేశాడు!' అన్న పిల్లవాడి మాటలో ఉన్నది సంతోషం. దానిని 'కితె షిమత్త' అని అనువదిస్తే, రాకూడని సమయంలో వచ్చాడన్న ధ్వని కలుగుతుంది. ఎదురుచూసిన అతిథి విషయంలో ఆ మాట అవమానంగా కూడా వినిపించవచ్చు. అక్కడ 'కిమషిత' (వచ్చారు) అనడమే ఉచితం.

తెలుగు 'వేయు' తనంతట తాను ఇష్టానిష్టాలను చెప్పదు. భూతకాలంలోని 'షిమఉ' మాత్రం అనుకోనిది, అవాంఛితమైనది జరిగిందన్న భావం వైపు తరచుగా మొగ్గుతుంది. సంకల్పార్థంలో ఈ ఛాయ తగ్గుతుంది. 'షుకుదఇ ఒ షితె షిమఓ' అంటే 'హోమ్‌వర్కు చేసేద్దాం' అనే అర్థమే.

ముగింపు

'షిమఉ'ను 'వేయు', 'పోవు'లతో సమీకరించి బోధిస్తే నిర్మాణం సులభంగా పట్టుబడుతుంది, కాని వక్త మనోభావం జారిపోతుంది. కనుక ప్రతి ఉదాహరణలోనూ పని పూర్తయిందా అన్న ప్రశ్నతోపాటు, అది వక్తకు సమ్మతమా అన్న ప్రశ్ననూ వేయించడం అవసరం.